ఆరు ఎపిసోడ్ల డిస్కును కుదించకండి, రెండుగా విడదీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నాన్నగారు కొని దాచుకున్న దూరదర్శన్ కాలం నాటి సీరియల్ డీవీడీలు ఒక పెట్టెడు ఉన్నాయి. ఒక్కో డిస్కులో ముప్పావు గంట ఎపిసోడ్లు ఆరేసి. గీతలు పడుతున్నాయని ఖాళీ డీవీడీల్లోకి నకలు తీయబోతే సాఫ్ట్‌వేర్ ఒక్క డిస్కుకే 14 జీబీ చూపిస్తోంది. అలాగే కుదించి రాస్తే పాత్రల మొహాలు గళ్లు గళ్లుగా వస్తున్నాయి. బాగా కుదించే సాఫ్ట్‌వేర్ ఏదని అడిగారు.

ఏదీ బాగా కుదించదండి. లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదు, లెక్కలో ఉంది. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ముప్పావు గంట చొప్పున ఆరు ఎపిసోడ్లంటే 270 నిమిషాలు, అంటే 16,200 సెకన్లు. మీరు కొన్న డిస్కు రెండు పొరలది, అందులో 850 కోట్ల బైట్లు పడతాయి. బైటుకు ఎనిమిది బిట్లు, కాబట్టి బిట్లలో చెబితే 6,800 కోట్లు. 16,200తో భాగిస్తే సెకనుకు 42 లక్షల బిట్లు. డీవీడీకి ఇది గొప్ప నాణ్యత కాదు, ఫరవాలేదనిపించేది. అంటే తయారుచేసినవాళ్లే డిస్కును దాదాపు నిండుగా సర్ది పంపారు. మీ ఖాళీ డిస్కు ఒక పొరది. అందులో పట్టేవి 470 కోట్ల బైట్లే. అదే భాగహారం చేస్తే సెకనుకు 23 లక్షల బిట్లు వస్తాయి. అందులోంచే ధ్వనికీ వాటా పోవాలి. మీ డిస్కులో రెండు ఛానళ్ల ధ్వని, ఆరు ఛానళ్ల 5.1 ధ్వని రెండూ ఉంటే మామూలుగా వాటికే ఆరు లక్షలకు పైగా పోతాయి. బొమ్మకు మిగిలేది పదిహేడు లక్షలు.

రెండు గంటల సినిమాకైతే అదే ఖాళీ డిస్కులో సెకనుకు 52 లక్షల బిట్లు దొరుకుతాయి. అందుకే సినిమా డిస్కులను కుదించినప్పుడు తేడా అంతగా కనిపించదు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా మటుకు సినిమాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. సీరియల్‌కు అవి పనికిరావు. ఒకప్పుడు బజార్లో ‘ఒకే డిస్కులో ఐదు సినిమాలు’ అని అమ్మిన దొంగ డీవీడీలు చూసినవారికి గళ్ల మొహాలు కొత్త కాదు. అక్కడ జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతోంది.

సీరియల్‌కు సినిమాకు లేని సౌకర్యం ఒకటుంది. సినిమాను మధ్యలో విరిస్తే చూసేవాడు లేచి డిస్కు మార్చాలి, రసభంగం. సీరియల్ పుట్టుకతోనే ముక్కలు. మూడేసి ఎపిసోడ్లు చొప్పున రెండు మామూలు డిస్కుల్లో రాస్తే ఒక్క బిట్టు కూడా పోగొట్టుకోనక్కర్లేదు. కుదింపు ఉండదు కాబట్టి గంటల తరబడి ఎదురుచూపులూ ఉండవు. ఖర్చు ఇంకొక ఖాళీ డిస్కు, అంతే. నా సలహా ఇదే. మిగిలినదంతా దీన్ని ఎలా చేయాలన్నదే.

ముందు ఆ 14 జీబీ సంగతి తేల్చుకుందాం. ఒక వైపు మాత్రమే ముద్రించిన డీవీడీలో 8.5 జీబీకి మించి పట్టనే పట్టదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా అంతకు మించి చూపిస్తోందంటే ఉన్నదాన్నే రెండుసార్లు లెక్కపెడుతోందని అర్థం. (డిస్కు అరవై డెబ్బై జీబీలు ఉన్నట్టు, తొంభై తొమ్మిది టైటిళ్లు ఉన్నట్టు కనిపిస్తే అది వేరే కథ. నకళ్లను తికమక పెట్టడానికి కావాలని పెట్టిన బూటకపు అమరిక అది. మీది అలాంటిది కాదు.) వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో డిస్కు తెరిచి, ప్లేబ్యాక్ మెనూలో టైటిళ్ల జాబితా చూడండి. బహుశా మొదటి టైటిల్ నాలుగున్నర గంటలదీ, తర్వాత ఆరు టైటిళ్లు ముప్పావు గంటవీ ఉంటాయి. ఆ మొదటిదే మెనూలో ‘అన్నీ వరుసగా’ అనే మీట నొక్కితే నడిచేది. దానికి డిస్కు మీద వేరే వీడియో ఏమీ ఉండదు. డీవీడీలో టైటిల్ అంటే ఏ ముక్క తర్వాత ఏ ముక్క చూపించాలో చెప్పే పట్టిక మాత్రమే. ఆ పట్టికలు ఐఎఫ్‌ఓ ఫైళ్లలో ఉంటాయి. అసలు బొమ్మ, ధ్వని వీఓబీ ఫైళ్లలో ఉంటాయి. ఒకే ముక్కను రెండు పట్టికలు చూపించవచ్చు. టైటిళ్ల వారీగా కూడే సాఫ్ట్‌వేర్‌కు అది 14 జీబీ అవుతుంది, డిస్కు మీద ఉన్నది ఏడే. కాబట్టి నకలు తీసేటప్పుడు ఆ పొడవు టైటిల్‌ను వదిలేసి ఆరు చిన్నవాటినే తీసుకోండి. రెండూ ఎంచుకుంటే ప్రతి ఎపిసోడూ రెండుసార్లు వస్తుంది.

సీరియల్ డిస్కుల అమరిక మూడు రకాలుగా ఉంటుంది. మీది ఏదో ముందే తెలుసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. డిస్కులోని వీడియో టీఎస్ ఫోల్డర్ తెరవండి. ‘వీటీఎస్ 01’, ‘వీటీఎస్ 02’ అంటూ ఆరేడు సంఖ్యల ఫైళ్లు కనిపించి, ఒక్కో సంఖ్య కింద వీఓబీ ఫైళ్లన్నీ కలిపి జీబీకి కాస్త అటూఇటూగా తూగితే ఎపిసోడ్లు విడివిడిగా ఉన్నట్టే. అన్నిటికన్నా సులువైన రకం. ఒకే సంఖ్య కింద ఏడెనిమిది వీఓబీలు వరుసగా ఉంటే ఎపిసోడ్లన్నీ ఒకే గుత్తిలో ఉన్నాయి. ఒక్కో వీఓబీ ఫైలు ఒక జీబీ దగ్గర తెగిపోతుంది. అది డీవీడీ నియమం, దానికీ ఎపిసోడ్ హద్దులకూ సంబంధం లేదు. ఒక్కో వీఓబీ ఒక్కో ఎపిసోడ్ అనుకుని కాపీ చేసుకున్నవారు చాలామందే ఉన్నారు. మూడో రకంలో చిన్న టైటిళ్లే ఉండవు. నాలుగున్నర గంటల టైటిల్ ఒక్కటే ఉండి, ఎపిసోడ్ల హద్దులు అందులో చాప్టర్లుగా మాత్రమే ఉంటాయి. పెట్టె మీద తెలుగు, తమిళం అని రెండు మూడు భాషలు రాసి ఉన్న చవక సెట్లలో ఈ మూడో రకం ఎక్కువ చూశాను.

ఇక పని. డీవీడీ ష్రింక్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2004 తర్వాత కొత్త రూపం రాకపోయినా అది విండోస్‌లో ఇప్పటికీ నడుస్తుంది, ఈ పనికి దాన్ని మించినది నాకు కనిపించలేదు. పేరు చూసి కుదించడానికే అనుకోకండి. డిస్కు తెరిచాక పైన ‘రీ-ఆథర్’ అనే మీట నొక్కండి. కుడివైపు డిస్కులోని టైటిళ్లు, ఎడమవైపు మీరు తయారుచేసే కొత్త డిస్కు. చిన్న టైటిళ్లలో మొదటి మూడింటిని ఎడమవైపుకు లాగండి. అప్పుడు ‘కంప్రెషన్ సెట్టింగ్స్’ అనే పలకకు వెళ్లి ఒక్కో టైటిల్‌కు ‘నో కంప్రెషన్’ పెట్టండి. ఇది మరిచిపోతే కాస్త ఎక్కువైన చోటల్లా అది తనంతట తాను కుదించేస్తుంది, మిమ్మల్ని అడగదు. పైన ఉన్న పట్టీ ఆకుపచ్చగా ఉంటే పట్టినట్టు, చివర ఎర్రబడితే మించినట్టు.

ఎర్రబడితే వెంటనే కుదింపు జోలికి పోకండి. అదే పలకలో ధ్వని వరుసలు కనిపిస్తాయి. టేపు మీద ఒకే మైకుతో పట్టిన పాత సీరియల్‌కు తర్వాతెప్పుడో తయారుచేసి తగిలించిన 5.1 ధ్వనిలో వినదగ్గది ఏమీ ఉండదు, నా చెవికైతే అసలు ధ్వనికన్నా అధ్వానం. 448 కిలోబిట్ల 5.1 వరుస ఆరు ఎపిసోడ్ల డిస్కులో దాదాపు 900 ఎంబీ తింటుంది. మూడు ఎపిసోడ్లకు 450. దాని ఎదురుగా ఉన్న గుర్తు తీసేస్తే చాలు. మీ ఇంట్లో ఎవరూ వినని భాషలకూ ఇదే వైద్యం. ఉపశీర్షికలు మాత్రం తీసినా ఉంచినా ఒకటే, అవి ఆక్రమించే చోటు లెక్కలోకి రాదు.

చాప్టర్లు మాత్రమే ఉన్న మూడో రకం డిస్కుకు చిన్న ఉపాయం. ఆ పొడవు టైటిల్‌నే ఎడమవైపుకు మూడుసార్లు లాగండి. ప్రతిదానికీ మొదటి, చివరి ఫ్రేములు నిర్ణయించే మీట ఉంది. అక్కడ మొదటి చాప్టర్, చివరి చాప్టర్ ఎంచుకుంటే ఆ మేరకే తీసుకుంటుంది. హద్దు ఎక్కడుందో ముందే వీఎల్‌సీలో చూసి రాసుకోండి. శీర్షిక గీతం మొదలయ్యే చోటు వెతకడం తేలిక. అయితే ‘జరిగిన కథ’ శీర్షిక గీతానికి ముందే వచ్చే సీరియళ్లు ఉన్నాయి. అందుకని ఒక చాప్టర్ వెనక్కి వెళ్లి కూడా చూడండి, లేదంటే అది ముందరి ఎపిసోడ్ తోకకు అతుక్కుపోతుంది.

ఇలా చేస్తే పాత మెనూ పోతుంది. డిస్కు పెట్టగానే మొదటి ఎపిసోడ్ మొదలవుతుంది, కావలసిన ఎపిసోడ్‌కు నేరుగా వెళ్లాలంటే రిమోట్‌తో టైటిల్ సంఖ్య నొక్కాలి. నాన్నగారికి మెనూ కావాలంటే, ఎపిసోడ్లు విడివిడి వీటీఎస్‌లుగా ఉన్న మొదటి రకం డిస్కులకు చక్కని దారి ఉంది. రీ-ఆథర్ బదులు ‘ఫుల్ డిస్క్’ పద్ధతిలోనే ఉండి, మొదటి నకలులో 4, 5, 6 ఎపిసోడ్లకు కుదింపు స్థానంలో ‘స్టిల్ ఇమేజ్’ ఎంచుకోండి. వాటి వీడియో పోయి ఒక నిశ్చల చిత్రం మిగులుతుంది. మెనూ యథాతథంగా ఉంటుంది. రెండో నకలులో 1, 2, 3 అలా చేయండి. మెనూలో ఆరు ఎపిసోడ్ల పేర్లూ కనిపిస్తాయి, మూడే ఆడతాయి. డిస్కు మీద ఏవి ఉన్నాయో పెద్ద అక్షరాలతో రాసిపెడితే ఇబ్బంది ఉండదు. మిగతా రెండు రకాలకు డీవీడీ స్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మూడు మీటల సాదా మెనూ చేసుకోవచ్చు.

రెండు డిస్కులు వద్దు, అసలుదానిలాగే ఒక్కటే కావాలంటారా? అప్పుడు రెండు పొరల ఖాళీ డిస్కు, అంటే డీవీడీ ప్లస్ ఆర్ డబుల్ లేయర్ కొనండి. ధర ఎక్కువే, కానీ మెనూతో సహా ఉన్నదున్నట్టు వస్తుంది. దీన్ని రాయడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇమ్‌గ్‌బర్న్ వాడండి. ఫోల్డర్ నుంచి రాయబోతే ఒక పొర నుంచి మరో పొరకు ఎక్కడ దాటాలో అడుగుతూ ఒక జాబితా చూపిస్తుంది. మొదటి పొర రెండోదానికన్నా చిన్నది కాకూడదు, మొదటి పొరలో 427 కోట్ల బైట్లకు మించి పట్టవు. ఈ రెండు షరతులకూ లోబడి మూడో ఎపిసోడ్ అయిపోయే చోటు దొరికితే అదే ఎంచుకోండి. ప్లేయర్ అక్కడ క్షణం తడబడుతుంది. ఎపిసోడ్ల మధ్య తడబడితే ఎవరికీ తెలియదు. జాబితాలో ఆ చోటు లేకపోతే ఏదో ఒక చాప్టర్ హద్దు ఎంచుకోండి. మాటల మధ్యలో పడకుండా చూసుకుంటే చాలు.

ఖాళీ డీవీడీల్లో ప్లస్ ఆర్, మైనస్ ఆర్ అని రెండు రకాలుంటాయి. డబుల్ లేయర్‌లో ప్లస్ రకాన్నే చెప్పడానికి కారణం ఉంది. ప్లస్ డిస్కులను రాసేటప్పుడు ‘నేను ముద్రించిన డీవీడీని’ అని ప్లేయర్‌కు చెప్పే గుర్తును, అంటే బుక్ టైప్‌ను, చాలా డ్రైవ్‌లు మార్చగలవు. పాత ప్లేయర్లు ఆ గుర్తు చూసే డిస్కును ఒప్పుకుంటాయి. మైనస్ డిస్కులకు ఆ వీలు లేదు. ఒక పొర డిస్కుల్లో మాత్రం ఏదైనా సరే. మైనస్‌లో ప్లస్ కన్నా ఏడు ఎంబీ ఎక్కువ పడుతుంది, అంచు దాకా నింపేవారికి తప్ప దానితో పనిలేదు.

అంచు అన్నాను కాబట్టి చెబుతున్నాను. అంచు దాకా నింపకండి. డీవీడీ లోపలి నుంచి బయటకు రాయబడుతుంది. తయారీలో రంగు పూత పలచబడేదీ, చేతివేళ్లు తగిలేదీ, డిస్కు వంగితే ముందు తప్పిపోయేదీ బయటి అంచే. ఎపిసోడ్లు మొదట బాగా ఆడి, చివరిదాని ఆఖరి పది నిమిషాల్లో ఆగిపోవడం మొదలైతే కారణం ఇదే. రెండొందల ఎంబీ ఖాళీ వదిలేయండి. రెండు పొరల డిస్కులో దారి వేరు: మొదటి పొర లోపలి నుంచి బయటకు, రెండోది బయటి నుంచి లోపలికి. కాబట్టి అక్కడ పరీక్షించాల్సింది చివరి ఎపిసోడ్‌ను కాదు, మూడు నాలుగు ఎపిసోడ్లను.

రాసే వేగం: 16 రెట్ల (16ఎక్స్) డిస్కును 8 రెట్ల దగ్గర, డబుల్ లేయర్‌ను 4 దగ్గర రాయండి. మరీ 1, 2కు దించితే ఇంకా మంచిదన్నది పాత నమ్మకం. ఇప్పటి డిస్కులు ఆ వేగాలకు తయారైనవి కావు. రాశాక సరిగ్గా పడిందో లేదో చదివి చూసే ‘వెరిఫై’ గుర్తు ఎప్పుడూ తీసేయకండి.

ఏ డిస్కు కొనాలి అన్నదానికి ఒకప్పుడు సులువుగా జవాబు చెప్పేవాళ్లం, తైయో యూడెన్ అని. ఆ జపాను కంపెనీ 2015లో ఖాళీ డిస్కుల వ్యాపారం మానేసింది. మన దేశంలో ఖాళీ డిస్కులకు మారుపేరైన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. సోనీ కూడా 2025 ఫిబ్రవరిలో రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీ ఆపింది. ఇప్పుడు దొరికేవాటిలో నేను వెర్బాటిమ్ తీసుకుంటాను. అయితే పెట్టె మీది పేరుకన్నా డిస్కు లోపల ఉండే తయారీ గుర్తును నమ్మండి. డిస్కు పెట్టి ఇమ్‌గ్‌బర్న్ తెరిస్తే కుడిపక్కన కనిపిస్తుంది. ప్లస్ డిస్కుకు ‘ఎంసీసీ 004’, మైనస్‌కు ‘ఎంసీసీ 03ఆర్‌జీ20’, డబుల్ లేయర్‌కు ‘ఎంకేఎం 003’ ఉంటే ధైర్యంగా రాయండి. బీరువాలో పదిహేనేళ్లుగా పడి ఉన్న ఖాళీ డిస్కుల కట్ట ఉంటే దాన్ని ఈ పనికి వాడకండి. రాయని డిస్కు కూడా పాతబడుతుంది.

కుదించక తప్పని పరిస్థితి ఒకటుంది. నాలుగు ఎపిసోడ్లున్న డిస్కును ఒక్కదాంట్లోకి తేవాలి, మించినది పది శాతమే. అప్పుడు డీవీడీ ష్రింక్ కుదింపు ఫరవాలేదు, ‘డీప్ అనాలిసిస్’ పెట్టి రాత్రి వదిలేయండి. డెబ్బై శాతం కన్నా కిందికి పోతే మాత్రం దాన్ని నమ్మకండి. అది బొమ్మను మళ్లీ కట్టదు, ఉన్న బొమ్మలోంచి వివరాన్ని చెక్కేస్తుంది. అంతకు మించి తగ్గించాలంటే కొత్తగా ఎన్‌కోడ్ చేయడమే, అంటే వీడియోను మొదటి నుంచి మళ్లీ కట్టడమే మేలు, అదీ 352×576 కొలతలో. చాలామందికి తెలియదు, డీవీడీ ఈ సగం వెడల్పు కొలతను ఒప్పుకుంటుంది. టేపు మీద తీసిన ఎనభైల నాటి సీరియల్‌లో అడ్డంగా ఉండే వివరం ఎలాగూ తక్కువ. ఉన్న కొద్ది బిట్లను సగం చుక్కలకు పంచితే గళ్లు పోయి కాస్త మెత్తని బొమ్మ వస్తుంది. గళ్లకన్నా మెత్తదనం కంటికి ఎంతో హాయి. అప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఈ సీరియళ్లు ఇంటర్‌లేస్ పద్ధతిలో తీసినవి. ఒక్కో ఫ్రేములో బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. కంప్యూటర్‌లో చూస్తే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్లలాంటి చారలు కనిపించి, అది లోపమనుకుని సరిచేయబోతారు. డీవీడీకి రాస్తున్నప్పుడు వాటిని ముట్టుకోవద్దు. టీవీ వాటిని తానే సరిగ్గా చూపిస్తుంది. మీరు చెరిపేస్తే సగం కదలిక శాశ్వతంగా పోతుంది.

చట్టం గురించి ఒక మాట, ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు కనుక. కొన్న డీవీడీల్లో చాలావాటికి నకలు తీయనివ్వని సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీయడాన్ని నేరమంటుంది. సొంత వాడకాన్ని 52వ సెక్షన్ మినహాయింపుల్లో పేర్కొంది. ఇంట్లో దాచుకునే నకలుకూ పదిమందికి పంచే నకలుకూ తేడా అక్కడే. అమెరికాలో ఉన్నవారు మాత్రం అక్కడి 1998 నాటి చట్టం తాళం తీయడాన్నే విడిగా నిషేధిస్తుందని గుర్తుంచుకోండి. అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక నకలు పంపే ఆలోచన ఉంటే ఇంకొక చిక్కు: 720×576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములతో ఉన్న డిస్కును అక్కడి టీవీ ప్లేయర్లు చాలావరకు ఆడించవు. కంప్యూటర్‌లో ఆడుతుంది.

రాసిన డిస్కు ఒక్కటే మీ భద్రత కాకూడదు. ప్రతి డిస్కునూ ముందు కుదించకుండా హార్డ్ డిస్కులోకి ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసుకోండి, ఆ తర్వాత దానిలోంచే ఖాళీ డిస్కులు రాయండి. వీఎల్‌సీ ఐఎస్‌ఓను మెనూతో సహా ఆడిస్తుంది. బ్లూ-రే రాసే డ్రైవ్ ఉంటే 25 జీబీ డిస్కులో ఇలాంటివి మూడు పట్టవచ్చు, మూడూ అంచు దాకా నిండినవైతే మాత్రం పట్టవు. దాన్ని డీవీడీ ప్లేయర్ ఆడించదని వేరే చెప్పక్కర్లేదు. రాసిన డిస్కులకు కాగితం లేబుల్ అంటించకండి, తేమకు ఉబ్బి డిస్కు వంగుతుంది. కాకినాడ, విశాఖల్లాంటి చోట్ల ఇది మరీ త్వరగా జరుగుతుంది. మెత్తని మొనగల మార్కర్‌తో మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయం మీద రాస్తే చాలు.

ఇప్పటికే గీతలు పడి చదవని డిస్కులకు: మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. గుండ్రని గీత డేటా వెంబడే సాగుతుంది, అడ్డగీతను డ్రైవ్ సరిదిద్దుకోగలదు. అప్పటికీ చదవకపోతే సాఫ్ట్‌వేర్ మార్చేముందు డ్రైవ్ మార్చి చూడండి. ఒక డ్రైవ్ వదిలేసిన డిస్కును మరొకటి చదవడం మామూలే. అదీ కుదరకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు తర్వాత మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక చిన్న ఫైలులో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, అదే డిస్కును రెండో డ్రైవ్‌లో పెట్టి ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. తాళం ఉన్న డిస్కయితే దానికి ముందు ఒకసారి వీఎల్‌సీలో ఆడించండి, డ్రైవ్ ఆ తాళం తీశాకే డీడీరెస్క్యూ పని మొదలుపెట్టగలదు.